జన్యుశాస్త్రానికి పనిముట్లు చేసిపెట్టిన షెండూర్

2005 ఆగస్టులో 'సైన్స్' పత్రిక ఒక పరిశోధన పత్రాన్ని వెలువరించింది. ఏ జీవశాస్త్ర ప్రయోగశాలలోనైనా ఉండే ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపునే డీఎన్‌ఏ చదివే యంత్రంగా మార్చేశారు హార్వర్డ్ మెడికల్ స్కూల్ విద్యార్థులు ఇద్దరు. దానికి కెమెరా, రసాయనాలు మార్చే ఏర్పాటు, వీటిని నడిపే కంప్యూటర్ ప్రోగ్రాం జోడించారు. ఒక మైక్రాన్ సైజులో ఉండే పూసలు తీసుకున్నారు. ఒక్కో పూస నిండా ఒకే డీఎన్‌ఏ ముక్క నకళ్లు. అలాంటి పూసల్ని లక్షల సంఖ్యలో జెల్‌లో కదలకుండా పరిచి, నాలుగు రంగుల రసాయనాలు పంపి, విడత విడతకూ ఫొటో తీశారు. ఏ విడతలో ఏ పూస ఏ రంగులో మెరిసిందో చూసుకుంటూ పోతే ఆ ముక్కలోని అక్షరాలు బయటపడతాయి. సుమారు 46 లక్షల అక్షరాలుండే ఈ.కోలి బ్యాక్టీరియా జన్యుపటాన్ని ఆ ఇద్దరూ అలా చదివారు. పది లక్షల అక్షరాలకు ఒక్క తప్పు కూడా దొర్లలేదు. ఖర్చు పాత పద్ధతిలో అయ్యేదాంట్లో దాదాపు తొమ్మిదో వంతు.

ఆ ఇద్దరిలో ఒకరు గ్రెగ్ పోరెకా. రెండోవారు భారత సంతతికి చెందిన జే షెండూర్. అప్పటికి ఆయన హార్వర్డ్ జన్యుశాస్త్రవేత్త జార్జ్ చర్చ్ దగ్గర పీహెచ్‌డీ విద్యార్థి.

గత ఇరవై ఏళ్లలో జన్యుశాస్త్రంలో వచ్చిన మార్పును ఒక్క మనిషి పని ద్వారా చెప్పాల్సి వస్తే షెండూర్‌ను ఎంచుకోవచ్చు. ఆయన ఫలానా జబ్బుకు మందు కనిపెట్టలేదు. ఫలానా జన్యువుకే జీవితాన్ని అంకితం చేయలేదు. ఇతరులు ఒక్కొక్కటిగా చేస్తున్న పనిని లక్షల్లో ఒకేసారి చేసే మార్గాలు వెతికారు. ఆ మార్గాలను, వాటి ఫలితాలను అందరికీ అందుబాటులో పెట్టారు. ఆ పని వల్ల ఎక్కువ మేలు జరగాల్సింది ప్రపంచ జన్యు సమాచార నిధుల్లో ఇంతవరకూ చోటు దక్కని జనాలకు. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. మన విధానకర్తలు ఆయన జీవితాన్ని పట్టించుకోవాల్సింది ఇందుకే.

షెండూర్ రంగంలోకి దిగేనాటికి డీఎన్‌ఏ చదవడమంటే 1977లో ఫ్రెడరిక్ సాంగర్ చూపిన బాటే. ముక్కల్ని జెల్ గుండానో, సన్నని గొట్టాల గుండానో కరెంటుతో పరిగెత్తించి పొడవును బట్టి వేరుచేయాలి. మానవ జన్యుపటం ప్రాజెక్టు 1990 నుంచి 2003 దాకా అలాగే సాగింది. అందుకు సుమారు 300 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. చర్చ్ ల్యాబ్‌లో రాబ్ మిత్రా అంతకుముందే 'పోలనీ' అనే ఆలోచనకు పునాది వేశారు. ముక్కల్ని విడదీసి పరిగెత్తించే బదులు ఉన్నచోటనే నకళ్లు పెంచి అక్కడికక్కడే చదవడం దాని సారం. 2005 పత్రం ఆ ఆలోచన పనిచేస్తుందని ఒక పూర్తి జన్యుపటం మీద రుజువు చేసింది.

మార్కెట్లో మాత్రం పోలనీ గెలవలేదు. దాన్ని ఎవరైనా తయారుచేసుకునే యంత్రంగా విడుదల చేశారు కానీ, కేంబ్రిడ్జిలో శంకర్ బాలసుబ్రమణియన్, డేవిడ్ క్లెనర్‌మన్ మొదలుపెట్టిన సొలెక్సా పద్ధతి ముందు అది నిలవలేకపోయింది. మద్రాసులో పుట్టిన బాలసుబ్రమణియన్ ఆలోచనే ఇల్యూమినా యంత్రాల రూపంలో ఇవాళ ప్రపంచమంతటా నడుస్తోంది. తన చేతి సృష్టి వెనకబడ్డాక దాన్నే పట్టుకుని వేలాడేవాళ్లు సైన్సులో చాలామందే ఉంటారు. షెండూర్ ఆ పని చేయలేదు. 2007లో సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో సొంత ల్యాబ్ పెట్టి, గెలిచిన యంత్రాన్నే తెచ్చుకుని, దానితో ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్నలేమిటని ఆలోచించారు. ఆ నిర్ణయమే ఆయన తర్వాతి పనికంతటికీ దారి చూపింది.

మొదటి ప్రశ్న అరుదైన జబ్బుల గురించి. వంశపారంపర్య జబ్బుకు కారణమైన జన్యువును పట్టుకోవాలంటే అప్పట్లో తరతరాలుగా అనేకమంది రోగులున్న పెద్ద కుటుంబం కావాలి. ఒకరిద్దరు పిల్లలు మాత్రమే బాధపడుతున్న చిన్న కుటుంబాలకు దారే లేదు. డీఎన్‌ఏలో ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం సుమారు ఒక్క శాతమే. దాన్నే ఎక్సోమ్ అంటారు. తెలిసిన వంశపారంపర్య జబ్బుల్లో అత్యధికం అక్కడి తప్పుల వల్లే వస్తాయి. ఆ ఒక్క శాతాన్ని మాత్రం ఏరి చదివితే చాలదా? విద్యార్థిని సారా ఎంగ్, సహచరులు డెబొరా నికర్సన్, మైకేల్ బామ్‌షాద్‌లతో కలిసి షెండూర్ 2009లో 12 మంది ఎక్సోమ్‌లు చదివారు. వారిలో నలుగురికి ఫ్రీమన్-షెల్డన్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు ఉంది. దాని కారణం ముందే తెలుసు. తెలిసిన జవాబు ఈ పద్ధతికి దొరుకుతుందో లేదో చూశారు. దొరికింది.

ఆ తర్వాత తెలియని జవాబు కోసం బయల్దేరారు. మిల్లర్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లలకు దవడ, చెంప ఎముకలు సరిగా పెరగవు. చేతి చిటికెన వేలు, కాలి చిటికెన వేలు లేకపోవచ్చు. మూడు కుటుంబాలకు చెందిన నలుగురు రోగుల ఎక్సోమ్‌లు పక్కపక్కన పెట్టి, ఆరోగ్యవంతుల్లోనూ కనిపించే మార్పుల్ని తీసివేస్తూ పోతే చివరికి ఒకే జన్యువు మిగిలింది. దాని పేరు డీహెచ్‌ఓడీహెచ్. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు ముడిసరుకైన పిరిమిడిన్లు తయారుచేసే ఎంజైము అది. కీళ్లవాతానికి వాడే లెఫ్లునమైడ్ మందు అడ్డుకునేది దాన్నే. ఆ నలుగురిలో తోబుట్టువులైన ఇద్దరికి ఊపిరితిత్తుల సమస్య కూడా ఉంది. అదీ మిల్లర్ సిండ్రోమ్‌లో భాగమేనేమో అనుకునేవారు. ఎక్సోమ్ ఆ చిక్కునూ విప్పింది. డీఎన్‌ఏహెచ్5 అనే వేరే జన్యువులో లోపం వల్ల వారికి మరో అరుదైన జబ్బు కూడా వచ్చిందని తేలింది. రెండు జబ్బులు ఒకే ఇంట్లో కలిసి ఒకటిగా కనిపించాయన్నమాట. 2010లో కబూకి సిండ్రోమ్ అనే మరో అరుదైన జబ్బున్న పది మంది రోగుల ఎక్సోమ్‌ల నుంచి దాని మూలాన్ని కూడా ఇదే బృందం పట్టుకుంది.

ఇవాళ హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు 'ఎక్సోమ్ టెస్టు చేయిద్దాం' అంటున్నారంటే దాని వెనుక ఆ నలుగురు రోగుల కథ ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతి వస్తేనే బయటపడే జబ్బులు మేనరికాలు, మేనమామ వరసల పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న సమాజంలో ఎక్కువగా కనిపిస్తాయి. తల్లిదండ్రులిద్దరికీ ఒకే పూర్వికుడి నుంచి ఒకే లోపం సంక్రమించే అవకాశం పెరగడమే కారణం. చిన్న కుటుంబాల నుంచే జవాబు రాబట్టే పద్ధతి అవసరం అమెరికా కన్నా మనకే ఎక్కువ.

తర్వాతి కొన్నేళ్లలో షెండూర్ ల్యాబ్ చేసిన మూడు పనులు జన్యు సమాచారం ఎవరిదన్న ప్రశ్నను ముందుకు తెచ్చాయి. 2011లో జేకబ్ కిట్జ్‌మన్ తదితరులు ఒక గుజరాతీ వ్యక్తి జన్యుపటాన్ని, తల్లి నుంచి వచ్చిన వరుసను తండ్రి నుంచి వచ్చిన వరుసను విడదీసి చదివారు. 2012లో ఇదే కిట్జ్‌మన్, గర్భిణి రక్తం, తండ్రి లాలాజలం సాయంతో కడుపులోని పిండం జన్యుపటాన్ని దాదాపు పూర్తిగా ఊహించి చూపారు. పిండాన్ని సూదితో తాకనక్కర్లేకుండానే ఆ పని జరిగింది. గర్భస్థ శిశు లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లోనే చట్టం తెచ్చుకోవాల్సి వచ్చిన దేశం మనది. తల్లి రక్తపు చుక్కలో బిడ్డ గురించి ఇంత సమాచారం ఉందని తెలిశాక, ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్నది డాక్టర్ల విచక్షణకే వదిలేయదగిన విషయం కాదు.

మూడోది హీలా కణాల సంగతి. 1951లో బాల్టిమోర్‌లో క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ శరీరం నుంచి, ఆమె అనుమతి లేకుండా తీసిన కణాలవి. నేటికీ ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. 2013 మార్చిలో యూరప్ పరిశోధకులు వాటి జన్యుపటాన్ని నేరుగా ఇంటర్నెట్లో పెట్టారు. దాని నుంచి తమ ఆరోగ్య రహస్యాలు కూడా బయటపడతాయని కుటుంబ సభ్యులు ఆందోళన చెందడంతో తొలగించారు. షెండూర్ బృందం ఇంకా లోతుగా చేసిన అధ్యయనం కూడా అప్పటికే చేతిలో ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ లాక్స్ కుటుంబంతో ఒప్పందం కుదుర్చుకున్నాకే అది ఆగస్టులో అచ్చయింది. ఆ సమాచారం కావాలంటే దరఖాస్తు చేసుకోవాలి. దాన్ని పరిశీలించే కమిటీలో లాక్స్ కుటుంబ సభ్యులకూ చోటుంది. మనిషి జన్యుపటం ఆ మనిషిది మాత్రమే కాదు, ఇంటిల్లిపాదిదీ అన్న మాటకు ఒక వ్యవస్థ రూపం దొరికింది అక్కడే.

ఇక ఒక్కో కణం చదవడం. మన ఒంట్లో లక్షల కోట్ల కణాలున్నాయి. దాదాపు అన్నిటిలోనూ ఒకే డీఎన్‌ఏ. అయినా కాలేయ కణం కాలేయంలా, నాడీకణం నాడీకణంలా ప్రవర్తించడానికి కారణం ఏ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయన్నదే. అవయవం నుంచి ముక్క కోసి మొత్తం కలిపి చదివితే సగటు మాత్రమే తెలుస్తుంది. వెయ్యి కణాల్లో దారి తప్పిన ఒక్క కణం ఆ సగటులో కనబడదు. 2009లో కేంబ్రిడ్జిలో అజీమ్ సురానీ బృందం ఎలుక పిండం నుంచి తీసిన ఒక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏను, అంటే పనిచేస్తున్న జన్యువుల నకళ్లను చదివింది. 2015లో హార్వర్డ్ బృందాలు ఒక్కో కణాన్ని నూనెలో తేలే ఒక్కో సన్నని నీటి బిందువులో బంధించి వేల కణాలను చదివే దారి చూపాయి. అందుకు ప్రత్యేక పరికరాలు కావాలి.

షెండూర్ ల్యాబ్ అడిగింది ఇంకోటి. అసలు కణాల్ని విడదీయడం ఎందుకు? ప్రతి కణానికీ చిరునామా అంటిస్తే చాలదా?

ఆ పద్ధతి ఇలా సాగుతుంది. కణాలను గట్టిపరిచి, అవి పగలకుండానే 384 గుంతలున్న ప్లాస్టిక్ ప్లేట్లలో పంచుతారు. ఒక్కో గుంతలోని కణాల ఆర్‌ఎన్‌ఏకు ఆ గుంతకు మాత్రమే చెందిన చిన్న డీఎన్‌ఏ ట్యాగు అతుక్కుంటుంది. తర్వాత అన్నిటినీ ఒక గిన్నెలో పోసి కలిపేసి, మళ్లీ గుంతల్లో పంచి రెండో ట్యాగు వేస్తారు. మళ్లీ కలిపి మూడోది. ఇంటి నంబరు ఒకటే అయిన ఇళ్లు వేల ఊళ్లలో ఉన్నా, ఊరు, వీధి, ఇంటి నంబరు మూడూ కలిస్తే ఉత్తరం ఒక్క గడపకే చేరుతుంది. ఇదీ అంతే. 384ను మూడుసార్లు హెచ్చవేస్తే 5.66 కోట్ల చిరునామాలు వస్తాయి. చివర్లో అన్ని కణాల అక్షరాలూ కలగాపులగంగా చదివినా, ట్యాగుల్ని చూసి ఏ అక్షరం ఏ కణానిదో కంప్యూటర్ విడదీస్తుంది. కావాల్సిన పరికరం ప్లేటు, పిపెట్టు, ఓపిక.

2015లో షెండూర్ ల్యాబ్‌లోని డారెన్ క్యూసనోవిచ్ ఈ ఆలోచనతో డీఎన్‌ఏలో ఏ భాగాలు విచ్చుకుని ఉన్నాయో వేల కణాల్లో చూశారు. 2017లో అదే ల్యాబ్‌లోని జున్యుయే కావో ఒక నులిపురుగు డింభక దశను తీసుకున్నారు. ఆ దశలో దాని ఒంట్లో ఉండేవి 762 కణాలు. అలాంటి ఎన్నో పురుగుల నుంచి ఆయన చదివినవి దాదాపు 50,000. పురుగు మొత్తంలో ఒకటో రెండో ఉండే నాడీకణాల రకాలు కూడా అంత వడపోతలో విడిగా బయటపడ్డాయి. సహచరుడు కోల్ ట్రాప్‌నెల్‌తో కలిసి 2019లో 61 ఎలుక పిండాల నుంచి 20 లక్షల కణాలు, 2020లో మానవ పిండాల 15 అవయవాల నుంచి 40 లక్షల కణాలు చదివారు. 2024లో 83 ఎలుక పిండాల నుంచి 1.24 కోట్ల కణకేంద్రకాలు. ఎనిమిదో రోజు పిండం నుంచి పుట్టుక దాకా, రెండు నుంచి ఆరు గంటలకో నమూనా. బయటికి వచ్చిన తొలి గంటలోనే కాలేయం, ఊపిరితిత్తులు, కొవ్వు కణాల్లో జన్యువుల పనితీరు ఎంతగా తలకిందులవుతుందో ఆ అధ్యయనం చూపింది.

దీనికీ పరిమితులున్నాయి. ఇంత పెద్ద సంఖ్యలో చదివినప్పుడు ఒక్కో కణం నుంచి అందేది కొన్ని వందలో, కొన్ని వేలో ఆర్‌ఎన్‌ఏ అణువుల సమాచారమే. మసక బొమ్మల్ని కోట్లలో చేర్చి స్పష్టత సాధిస్తున్నారు తప్ప ఏ ఒక్క కణమూ పూర్తిగా అర్థమైనట్టు కాదు. మందుల తయారీకి ఈ పటాలే చాలన్నట్టు కొందరు చేస్తున్న ప్రచారాన్ని ఆ దృష్టితోనే చూడాలి.

ఈ మొత్తం జీవితంలో మన పాఠకులకు అన్నిటికన్నా ముఖ్యమైనది 2018 సెప్టెంబర్‌లో 'నేచర్' ప్రచురించిన ఒక పట్టిక.

రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ1 జన్యువు ఎక్కడుందో 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ గుర్తించారు. 1994లో జన్యువు చేతికి చిక్కింది. మిరియడ్ అనే కంపెనీ దానిపై పేటెంట్ తీసుకుంది. అమెరికా సుప్రీంకోర్టు 2013లో సహజ జన్యువుపై పేటెంట్ చెల్లదని తేల్చినా, ఏ మార్పు ప్రమాదకరం, ఏది కాదు అని ఏళ్ల తరబడి పోగుచేసిన సమాచారాన్ని ఆ కంపెనీ అప్పట్లో బయటపెట్టలేదు. పరీక్ష చేయించుకున్న ఎందరో మహిళలకు వచ్చే జవాబు 'అర్థం తేలని మార్పు' అని. జన్యువులో ఒక అక్షరం మారింది, అది హాని చేస్తుందో లేదో చెప్పలేం అని దాని భావం. దాన్ని పట్టుకుని రొమ్ము తీయించుకోవాలా, అండాశయాలు తీయించుకోవాలా, ఊరుకోవాలా? ఆ కాగితంతో ఇంటికెళ్లే మనిషి పడే బాధ రిపోర్టులో ఉండదు.

గ్రెగ్ ఫిండ్లే, లీ స్టారిటా, షెండూర్ ఆ మార్పులు రోగుల్లో కనబడేదాకా ఆగలేదు. బీఆర్‌సీఏ1లో కీలకమైన 13 ఎక్సాన్లు (ప్రోటీన్ సూచనలుండే ముక్కలు) తీసుకుని, వాటిలో సాధ్యమైన ఒక్కక్షరపు మార్పుల్లో 96 శాతానికి పైగా, 3,893 మార్పుల్ని జన్యువును కత్తిరించే సాధనం క్రిస్పర్‌తో కణాల్లో పుట్టించారు. హ్యాప్1 అనే ఆ కణాలకు ఈ జన్యువు పనిచేయకపోతే బతుకు లేదు. 11 రోజులు పెంచాక డీఎన్‌ఏ చదివి ఏ మార్పున్న కణాలు మిగిలాయో, ఏవి మాయమయ్యాయో లెక్కపెట్టారు. మాయమైనవి హానికరం. వైద్యులు అప్పటికే తేల్చిన మార్పులతో ఈ లెక్క దాదాపు అంతటా సరిపోయింది. ఫలితాలన్నిటినీ ఉచితంగా అందరి ముందూ పెట్టారు. పెట్టవచ్చు కూడా. హీలా పటంలా అందులో ఏ కుటుంబ రహస్యమూ లేదు. మనుషుల్లో ఎవరి దగ్గర ఏ మార్పు ఉందో అది చెప్పదు, ఆ మార్పు ఏం చేస్తుందో మాత్రమే చెబుతుంది.

ఇందులోనే మన ప్రయోజనం ఉంది. సాధారణ పద్ధతిలో ఒక మార్పు మంచిదో చెడ్డదో తేలాలంటే అది ఎంతోమందిలో కనబడి ఉండాలి. ఇప్పటిదాకా చదివిన జన్యుపటాల్లో అత్యధికం యూరప్ సంతతివి. వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టు 2,504 మందిని చదివితే అందులో తెలుగువాళ్లు 102 మంది, వారంతా బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) సహా 20 సంస్థలు కలిసి చేపట్టిన జీనోమ్ఇండియా 10,000 మంది సమాచారాన్ని 2025 జనవరిలో అందుబాటులోకి తెచ్చింది. ఇది మంచి ఆరంభం. 140 కోట్ల దేశానికి మాత్రం చాలా చిన్న నమూనా. అయితే ప్రయోగశాలలో అన్ని మార్పుల్నీ ముందే కొలిచిన పట్టికకు రోగి ఎవరన్నది అడ్డురాదు. సియాటిల్ మహిళకైనా సిరిసిల్ల మహిళకైనా ఒకే జవాబు.

ఎప్పుడూ పరాయివాళ్లు కొలిచినవాటి కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటే మన జన్యువుల వంతు ఎప్పుడొస్తుంది? దక్షిణాసియా వాసుల్లో దాదాపు నాలుగు శాతం మందిలో ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించాయని, దానివల్ల గుండె కండరం బలహీనపడే ప్రమాదం ఉందని సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ బృందం 2009లో చూపింది. ఆయనే హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులతో కలిసి 2017లో, తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే 81 దక్షిణాసియా సమూహాల్లో కొన్ని అరుదైన లోపాలు పేరుకుపోయే వీలు ఎక్కువని నిరూపించారు. తెలుగు వైశ్యుల్లో మత్తు ఇచ్చేటప్పుడు వాడే కండరాలు సడలించే మందు ఒకటి తొందరగా విరగకుండా ఎక్కువసేపు నిలిచిపోవడానికి కారణమైన బీసీహెచ్‌ఈ లోపం అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఏ సమూహంలో ఏముందో మనవాళ్లు కనిపెట్టారు. ఏ మార్పు ఎంత హాని చేస్తుందో కొలిచే పని మిగిలి ఉంది.

మన నిధుల విధానం ఆ పనికి అనుకూలంగా లేదు. జబ్బు పేరు చెబితే గ్రాంటు వస్తుంది. పద్ధతి కనిపెడతానంటే, అది ఏ జబ్బుకు పనికొస్తుందని అడుగుతారు. సీక్వెన్సింగ్ యంత్రాలు, వాటిలో పోసే రసాయనాలు దాదాపు అన్నీ దిగుమతులే. పైగా పీహెచ్‌డీ విద్యార్థి మూడేళ్లు ఒక పద్ధతి మీద పనిచేసి విఫలమైతే తర్వాతి మెట్టు దొరకదు. షెండూర్ ల్యాబ్ పత్రాల్లో చాలావాటిలో ముందు పేరు విద్యార్థిదో యువ పరిశోధకుడిదో కావడం, విఫలమైనా మరో దారి వెతుక్కునే వెసులుబాటు వాళ్లకు ఉండటం యాదృచ్ఛికం కాదు.

అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021 కింద హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రితో కలిసి డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీని ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు. ఉప్పల్ రోడ్డులోనే సీసీఎంబీ ఉంది. రోగులు, జన్యు సమాచారం, ప్రయోగశాలలు ఒకే నగరంలో దొరికే చోట్లు దేశంలో ఎక్కువ లేవు. బీసీహెచ్‌ఈ పరీక్ష తేలిక. ఎంజైము పనిచేస్తుందో లేదో గాజు గొట్టంలోనే కొలవచ్చు. ఎంవైబీపీసీ3కి హ్యాప్1 కణాలు పనికిరావు. మూలకణాల నుంచి గుండె కండర కణాలు పెంచి, ఒక్కో మార్పుతో అవి ఎలా ముడుచుకుంటున్నాయో చూసే పరీక్షను ముందు తయారుచేసుకోవాలి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇలాంటి రెండు మూడు జన్యువులకు, జబ్బు పేరుతో కాక పద్ధతి పేరుతో, ఐదేళ్ల నిధులు కేటాయించాలి. వచ్చే ఫలితాలను 2018 నాటి పట్టికలాగే మొదటి రోజు నుంచి ఉచితంగా అందుబాటులో ఉంచాలన్న షరతు ఆ గ్రాంటులోనే రాయాలి.